సేటు హోంవర్కు రాసుకుంటున్నాడు

నా భార్య ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెబుతుంది. ఈ మధ్య ఏదో సెమినారు కోసం ఒక వ్యాసం రాసి, అక్కడ తడబడకుండా ఉండాలని ముందు నాకు చదివి వినిపించింది. మధ్యాహ్నం బేరాలు సన్నగిల్లే వేళ చూసుకుని దుకాణానికే వచ్చింది. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. వరంగల్ మండిబజారులో జంపఖానాలు, దుప్పట్లు అమ్ముకునేవాణ్ణి. కాకపోతే ఎవరేం చెప్పినా మొదటి మాటకే ఒప్పుకునే అలవాటు నాకు లేదు. నా దగ్గర నెగ్గిన మాట ప్రొఫెసర్ల దగ్గర నెగ్గకపోదని ఆమె లెక్క.

వ్యాసం కొన్ని వందల ఏళ్ల కిందటి జర్మనీ గురించి. అప్పుడది ఒక దేశం కాదట, చిన్నాపెద్దా సంస్థానాల కుప్పట. అందులో ఒక సంస్థానానికి ప్రభువైనవాడు చనిపోయాడు. కొడుకు పసివాడు. వాడు పెద్దయ్యేదాకా తల్లి రాజ్యం నడిపింది. ఆజ్ఞలు కొడుకు పేరు మీద వెళ్లేవి, తలనొప్పి మాత్రం ఆమెది. ఆమెకు తోడు అనే పేరుతో, నిజానికి ఆమె మీద ఒక కన్ను వేసి ఉంచడానికి, భర్త తరఫు మగవాళ్లను కూడా సంరక్షకులుగా పెట్టారు.

"ఇంకో షరతు గూడ ఉంటుండె," అంది నా భార్య కాగితం మీంచి తల ఎత్తి. "మళ్ల పెండ్లి చేసుకుంటే పెత్తనం పోతది. అక్కడ శాన చోట్ల అదే రివాజు."

"మా పెద్దబాపు జర్మనీకి ఎప్పుడు పోయొచ్చిండో," అన్నాను.

"నవ్వులాట ఆపుర్రి. సీరియస్ పేపర్ ఇది."

"నవ్వులాట కాదు. ఈ కథ నాకెర్కే. గా పిలగాడు రాజును నేనే."

నా భార్యకు మా అమ్మ నర్సంపేటలో ఉంటుందని తెలుసు, ఎందుకు ఉంటుందో తెలుసు. మధ్యలో ఏం జరిగిందో పూర్తిగా తెలియదు. ఆ రోజు చెప్పాను. చెప్పినదాన్నే ఇక్కడ రాస్తున్నాను. ఆమెకు చెప్పినప్పుడు నేను కొంచెం తెలివైనవాడిగా కనిపించేలా సర్దుకున్నాను. ఇక్కడ ఆ సర్దుబాట్లు తీసేశాను.

మా నాన్న పోయేనాటికి నేను నాలుగో తరగతి. దవాఖానలో ఉండగానే ఆయన ఇద్దరు పెద్దమనుషులను పిలిపించి, దుకాణం పిల్లవాడిదనీ, వాడు చేతికొచ్చేదాకా వాడి తల్లి చూసుకుంటుందనీ చెప్పాడు. పెద్దమనుషులు తలలూపారు. ఆయన పోయాక మసీదు వరండాలో కూర్చుని ఆ మాటకు కొన్ని అంచులు కుట్టారు. ఆమె దుకాణంలో కూర్చోవచ్చు. నాన్నకు అన్న, అంటే మా పెద్దబాపు, ప్రతి శుక్రవారం నమాజు తర్వాత వచ్చి చూసిపోతాడు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే దుకాణమూ పిల్లవాడూ పెద్దబాపు చేతికి వస్తారు. పిల్లవాడు గద్దె మీద కూర్చున్న రోజున ఆమె పని అయిపోతుంది. అయిపోయాక ఆమెకంటూ ఏముంటుందో ఆ వరండాలో ఎవరూ అడగలేదు. ఆమెకు రావలసిన మెహర్ అయినా మిగిలిందా అంటే, అదీ లేదు. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. శవాన్ని మోసుకుపోయే జనాజా లేచేముందు ఆడవాళ్లు భార్యను పట్టుకుని తీసుకొచ్చి, మెహర్ మాఫ్ చేసిన అని చెప్పిస్తారు. పెళ్లిలో మొగుడు ఇస్తానన్నది, ఇవ్వకుండా పోయినది, ఆ ఒక్క మాటతో కొట్టుకుపోతుంది. అందరూ చెప్పినట్టే మా అమ్మా చెప్పింది. అప్పుడామెకు ముప్పై కూడా లేవు.

దుకాణంలో నాన్న కూర్చునే తెల్లని గద్దె ఉండేది. అమ్మ దాని మీద ఎప్పుడూ కూర్చోలేదు. పక్కన ఒక ముక్కాలిపీట వేసుకుంది. బడి అయిపోగానే నేను వచ్చి గద్దె మీద బోర్లా పడుకుని హోంవర్కు రాసేవాణ్ణి. మరిపెడ నుంచో రఘునాథపల్లి నుంచో పెళ్లి సామాన్లకు వచ్చినవాళ్లు జంపఖానా కొస పట్టి గుంజి, బొటనవేలు తడిచేసి చారల మీద రుద్ది, రంగు దిగడం లేదని నిరాశపడి, ఇక ధర మీద పడేవాళ్లు.

"ఇంకా జర తగ్గించు ఆపా."

"నేనెట్ల తగ్గిస్త? దుకాణం నాదా?"

"మరెవలిది? సేటేడి?"

అమ్మ గడ్డంతో నన్ను చూపించేది. "గదో, సేటు హోంవర్కు రాస్తాండు. అడుగుర్రి."

వాళ్లు నవ్వేవాళ్లు. అమ్మ నవ్వేది కాదు. "యతీం పిలగాని సొమ్ము. నేను ఒక్క రూపాయి ఇడిస్తే రేపు పైన జవాబు నేను చెప్పాలె. మీరు చెప్తరా?" అనేది. తండ్రి లేని పిల్లవాడి ఆస్తి అంటే మా మతంలో నిప్పు. హిందువులైన రైతులు కూడా ఆ మాటకు తగ్గిపోయేవాళ్లు. ఎంత గట్టి బేరగాడైనా నావైపు ఒకసారి చూసి, ముక్కు తుడుచుకుంటూ కూడికలు వేస్తున్న సేటును చూసి, జేబులో చెయ్యి పెట్టేవాడు. నా మొహానికి బజారులో అంత విలువ మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఇది చెప్పినప్పుడు నా భార్య నవ్వి, "మా జర్మనీ ఆమె గూడ అంతే," అంది. పెద్ద రాజులు ఏదైనా ఒప్పందం మీద ఒత్తిడి చేస్తే, మా అబ్బాయి ఇంకా చిన్నవాడు, తక్కిన సంరక్షకులను కనుక్కోవాలి అని జాబు రాసి కాలం గడిపేదట.

అమ్మ చెప్పేది బేరం కోసమే అయినా అబద్ధం మాత్రం కాదు. ఒక మంచి జంపఖానా అయినా ఇంటికి తేలేదు. నేత తప్పినవి, ఎవరూ కొననివి వేసుకుని పడుకునేవాళ్లం. ఒకదానికి చారలు ఒక చోట ఆగిపోయి మళ్లీ పక్కకు జరిగి మొదలయ్యేవి. చాలాకాలం అదే డిజైన్ అనుకున్నాను.

పెద్దబాపు శుక్రవారం వచ్చేవాడు. అత్తరు వాసనతో వచ్చి, గద్దె మీద కాకుండా నిలబడే ఉండి, అరలన్నీ చూసి, "సరుకు పల్చగున్నదేంది?" అనేవాడు. సరుకు ఎక్కువ ఉంటే, "గింత సరుకెందుకు ఆపినవ్?" అనేవాడు. చెడ్డవాడని చెప్పలేను. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒక చిన్న చెప్పుల దుకాణం. మా దుకాణం మూలమీద ఉంది. మూలమీద దుకాణాన్ని చూసి మనసు చలించని వ్యాపారిని నేనింకా చూడలేదు.

మాకు పెద్ద గిరాకీ టెంట్ హౌసులవాళ్లు. వాళ్లలో ఒకాయన నర్సంపేట నుంచి వచ్చేవాడు. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు కిరాయికి ఇచ్చే మనిషి. మావాడే, భార్య పోయింది, పిల్లల్లేరు. పెళ్లిళ్ల సీజను ముందు వచ్చి జంపఖానాలు కట్టలుగా తీసుకుపోయేవాడు. ఆయన చారలు చూసేవాడు కాదు, అంచులు చూసేవాడు. చెప్పులతో తొక్కితే ముందు చిరిగేది అంచేనట. ముదురురంగులే అడిగేవాడు, బిర్యానీ మరక కనిపించకూడదని. అమ్మ ప్రతిసారీ అమ్ముడుపోని లేతరంగులు రెండు కట్టలో దూర్చాలని చూసేది.

"ఆపా, గీ పచ్చది నేనడగలే."

"పచ్చది కండ్లకు సల్లగుంటది."

"నా కండ్లకు ఏం గాలే. తీసెయ్యి."

"పెండ్లికూతురు దగ్గర పర్వు. ఆమె తినదు, మరక వడదు."

ఆయన కాసేపు ఆలోచించి పచ్చది కట్టలోనే ఉండనిచ్చేవాడు. అట్లా కొన్ని సీజన్లు గడిచాయి. ఇది పెద్దబాపు కంట్లో పడింది. మిగతావాళ్లయితే బజారంతా చెప్పి పరువు తీసేవాళ్లు. ఆయన అంతకంటే తెలివైనవాడు. ఒక శుక్రవారం ఆ టెంట్ హౌసాయన సంబంధం తనే తీసుకొచ్చాడు.

నేను గద్దె మీదే ఉన్నాను. అప్పటికి తొమ్మిదో తరగతి. నన్ను లేచి పొమ్మని ఎవరూ అనలేదు. రాజును సభలోంచి పొమ్మనరు కదా.

"ఎన్నొద్దులు గిట్ల పీట మీద కూసుంటవ్?" అన్నాడు పెద్దబాపు. "మంచి మనిషి. సొంతిల్లున్నది. నీకేం తక్కువ చెయ్యడు."

అమ్మ జంపఖానా మడతపెడుతూ, "దుకాణం?" అంది.

"దుకాణం ఫికర్ నీకెందుకు? నేను లేనా?"

"పిలగాడు?"

"నాకాడుంటడు. నా కొడుకులల్ల ఒకడు."

అమ్మ మడత పూర్తిచేసి, దాని మీద చేత్తో ఒకసారి తట్టింది. "సంబంధం మంచిదే బావా. కాదంటలే. గని గాయిన్ను వచ్చి నన్నే అడగమను. బేరం నేను నడిమిట్ల మనిషితోని చెయ్య."

పెద్దబాపు సంతోషంగా వెళ్లిపోయాడు. నాకు మాత్రం అన్నం దిగలేదు. అమ్మ పోతుంది, దుకాణం పోతుంది, నేను చెప్పుల పెట్టెల మధ్య బతుకుతాను అనుకున్నాను. ఏ వరుసలో బాధపడ్డానో గుర్తుంది. ముందు దుకాణం. వ్యాపారి రక్తం.

టెంట్ హౌసాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, స్టూలు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ ఆపా అని పిలిచే మనిషి, ఆ రోజు పిలవలేక గొంతు సవరించుకున్నాడు. పెళ్లాడదలచినామెను అక్కా అని ఎట్లా పిలుస్తాడు? ఆ రోజు నుంచి ఆయన మా అమ్మను దేనితోనూ పిలవలేదు. దుకాణం ముందుకొచ్చి దగ్గేవాడు.

"నీకు తొందరున్నదా?" అని అడిగింది అమ్మ.

"నాకేం తొందర? సీజన్ల అయితే తీరికే ఉండదు."

"పిలగాడు గద్దె మీద కూసున్నంక అడుగు. గప్పటిదాంక మళ్ల గీ మాట ఎత్తకు. ఎత్తితే దుకాణం పోతది, వాడు ఆగమైతడు."

"గప్పటికి నేను ముసలోన్నయిత."

"నేను పడుచుదాన్నుంటనా?"

ఆయన చాలాసేపు అంచులు చూసే చూపుతో కింద పరిచిన జంపఖానాను చూశాడు. "సరే," అన్నాడు. తర్వాత, "మెరూన్‌వి ఎట్ల?"

"పోయినసారి ధరే."

"గిప్పుడు గూడనా?"

"గిప్పుడైతే ఇంకా తగ్గియ్య. సూసేటోల్లు ఏమంటరు?"

అప్పటినుంచి ఆయనకు మా దుకాణంలో అందరికంటే ఎక్కువ ధర పడింది. ఇచ్చి తీసుకుపోయాడు. పెద్దబాపు రెండు మూడు శుక్రవారాలు, "ఏమాయె?" అని అడిగాడు. "ఆలోచిస్తాన బావా," అనేది అమ్మ. కాదనలేదు కాబట్టి ఆయనకు కోపం తెచ్చుకునే వీలు లేకపోయింది. ఔననలేదు కాబట్టి దుకాణం ఇచ్చే పనీ లేకపోయింది. అట్లా ఆలోచిస్తూ ఆమె నన్ను టెన్త్ దాటించింది, ఇంటర్ దాటించింది, డిగ్రీ కూడా దాటించింది.

"జర్మనీ ఆమె గూడ కొడుకుకు గద్దె అప్పజెప్పిందా?" అని నా భార్యను అడిగాను.

"అప్పజెప్పింది. అప్పజెప్పి చిన్న కోటకు పోయింది. మొగడు పోతే ఉండెతందుకని పెండ్లి ఒప్పందంల్నే రాసిపెడుతుండె అట్లాంటివి."

"పెండ్లినాడేనా?"

"అవును."

వాళ్లు మాకంటే ముందుచూపున్న వ్యాపారస్తులు అనుకున్నాను.

నా డిగ్రీ పరీక్షలు అయిపోయిన తర్వాత ఒక శుక్రవారం, అమ్మ పెద్దమనుషులను, పెద్దబాపును పిలిచి, వాళ్ల ముందు నన్ను గద్దె మీద కూర్చోబెట్టింది. ఈసారి బోర్లా కాదు. తాళాలు నా ముందు పెట్టి, పీట తీసుకెళ్లి వెనక గదిలో పెట్టేసింది. అందరూ షర్బత్ తాగారు.

నేను బేరాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, నాకు రానిదేముంది అనుకున్నాను. మొదటి వారంలోనే తెలిసింది. అన్నేళ్లూ నేను బేరం చేసినవాణ్ణి కాను, బేరంలో వాడుకున్న సామానును. ఇప్పుడు ఎవరైనా తగ్గించమంటే ఎవరిని చూపించాలి? యతీం పిల్లవాడు మీసాలు పెంచుకుని ఎదురుగానే కూర్చున్నాడు. "సేటువు నువ్వే గద, నీ చేతిలనే ఉన్నది," అనేవాళ్లు. తగ్గించేసేవాణ్ణి. నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇప్పుడు మండిబజారులో నాతో బేరమాడడానికి జనం వెంట ఇంకో మనిషిని తెచ్చుకుంటారు. కానీ అది తర్వాతి సంగతి.

అమ్మ పొద్దున పదకొండింటికి బజారుకొచ్చేది. దుకాణం ముందు నిలబడి, వేలాడే దుప్పట్ల కొసలు సమంగా లాగేది. గిరాకీలు పలకరిస్తే పలికేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు.

"కూసో అమ్మా."

"యాడ కూసోవాలె?"

"గద్దె మీద కూసో."

"అది నీది."

"పీట తెస్త."

"పీట మీద కూసునుడు అయిపోయింది," అని ఇంటికి వెళ్లిపోయేది. ఇంట్లో చేయడానికి ఇద్దరి వంట తప్ప ఏమీ లేదు. ఒకసారి నేను వెళ్లేసరికి ఉతికిన బట్టలన్నీ మళ్లీ మడతపెడుతోంది, దుకాణం మడతలో, నాలుగు మూలలూ లోపలికి వచ్చేలా. బట్టలు తక్కువై అవే మళ్లీ విప్పి మడతపెట్టింది. ఆమెకు నలభై కూడా రాలేదు.

సీజను ముందు టెంట్ హౌసాయన వచ్చాడు. అలవాటుగా దగ్గాడు. గద్దె మీద నన్ను చూశాడు. ఆ రోజు మెరూన్ కట్టలు బేరమాడకుండా తీసుకున్నాడు. నాకు భయం వేసింది. ఆయన బేరమాడలేదంటే ఏదో పెద్దది అడగబోతున్నాడని.

"ఒక మాట అడగాలె," అన్నాడు. "గిప్పుడు ఎవలినడగాలె?"

నాకది అప్పుడు తట్టింది. అడగవలసింది నన్నే. మా పద్ధతిలో నిఖాకు ఆడమనిషి తరఫున మాట్లాడడానికి అయినవాడొకడు వకీలుగా ఉండాలి. తండ్రి లేడు, అన్నదమ్ముల్లేరు. పెద్దవాడైన కొడుకున్నాడు.

"నన్నే అడుగుర్రి," అన్నాను. వీలైనంత సేటు గొంతు పెట్టాను. అది కొంచెం పగిలింది.

పెద్దబాపు మండిపడ్డాడు. ఇంటికొచ్చి వాకిట్లోనే మొదలుపెట్టాడు. "ఎదిగిన కొడుకును పెట్టుకుని పెండ్లా? కొడుకు తల్లికి పెండ్లి చేసుడు ఏడన్న ఇన్నమా? బజార్ల మొకమెట్ల సూపియ్యాలె?"

అమ్మ ఆయనకు కుర్చీ వేసింది. "సంబంధం నువ్వు తెచ్చిందే గద బావా. ఆలోచిస్త అన్న. ఆలోచన అయిపోయింది."

ఆయన నావైపు చూశాడు. నా చేతిలో తాళాల గుత్తి ఉంది. ఆయన షరతు పట్టుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. కుర్చీలో కూర్చోకుండానే వెళ్లిపోయాడు. నిఖాకు మాత్రం వచ్చాడు, బిర్యానీ రెండుసార్లు వేయించుకున్నాడు.

మెహర్ మాట్లాడే రోజు ముందుగదిలో మేం కూర్చున్నాం. టెంట్ హౌసాయన, ఆయన అన్న, మసీదు పెద్దమనిషి ఒకాయన, వకీలునైన నేను. అమ్మ లోపలి గదిలో, పరదా వెనక. ఆయన అన్న గొంతు సవరించుకుని, ఇంత బంగారం ఇస్తాం అని చెప్పాడు.

నా జీవితమంతా ఎవరైనా ఒక అంకె చెబితే, దాని వెనకే నేను విన్న మాట ఒక్కటే. అదే నా నోటి నుంచి వచ్చింది.

"గంత ఎక్కడిది? జర తగ్గించుర్రి."

ఆడపిల్ల తరఫు వకీలు మెహర్ తగ్గించమనడం పెద్దమనిషి తన జీవితంలో విని ఉండడు. ఆయన తస్బీ పూసలు తిప్పడం ఆపేశాడు. టెంట్ హౌసాయన ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు.

"ఏ, వకీలు సాబ్!" పరదా వెనక నుంచి వచ్చింది అమ్మ గొంతు. "నువ్వు కొననీకి వచ్చినవా, అమ్మనీకి వచ్చినవా? నోరు మూసుకుని కూసో. నా మాట నేనే చెప్త."

నోరు మూసుకున్నాను. వకీలుగా నా పనితనం అక్కడితో ముగిసింది.

"బంగారమొద్దు," అంది అమ్మ. "నర్సంపేటల మీ టెంట్ హౌస్ పక్కపొంటి ముల్గీ ఉన్నది గద. అది నాకు రాయాలె. కొడుకు పేరు మీద వద్దు, మీ పేరు మీద వద్దు. నా పేరు మీద."

ముల్గీ అంటే ఒక్క షటరున్న చిన్న దుకాణపు గది. టెంట్ హౌసాయన నవ్వు ఆగిపోయింది. నేను ఆయన్ను ఆ చూపుతో ఎరుగుదును. బేరం మొదలైంది.

"ఉన్న ముల్గీ గదొక్కటే. దాంట్ల కుర్చీలు వెట్టుకుంట."

"కుర్చీలు బయట వెట్టుకోర్రి."

"వానొస్తే?"

"తడుస్తయి. ప్లాస్టిక్కే గద."

"ఎండకు పెళుసైతయి."

"షామియానాలు మీయే. ఒకటి కట్టుకోర్రి."

"సగం ముల్గీ ఇస్త. నడిమిట్ల రేకు కొడదాం."

"సగం షటరు ఎట్ల లేస్తది?"

ఆయన అన్న ఏదో అనబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "కిరాయికి తీసుకో, నామమాత్రం ఇయ్యి," అన్నాడు పరదా వైపు చూస్తూ.

"ఒకసారి మెహర్ మాఫ్ చేసిన," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "ఏం మాఫ్ చేస్తాన్నో గూడ సూడలే. ఈసారి కండ్లతోని సూసేది కావాలె. తాళమేసి, తాళం తీసేది."

పెద్దమనిషి మళ్లీ పూసలు తిప్పడం మొదలుపెట్టాడు. టెంట్ హౌసాయన కింద జంపఖానా అంచును వేళ్లతో నలుపుతూ కూర్చున్నాడు. అది మా ఇంటిది, చారలు పక్కకు జరిగినది. ఆయన దాన్ని ఎప్పుడూ చూసి ఉండడు.

"సరే," అన్నాడు. "ముల్గీ నీదే."

నిఖా రోజు వకీలుగా లోపలికి వెళ్లి అమ్మను అడిగాను. ఫలానా మనిషితో, ఫలానా మెహర్‌కు, నీకు సమ్మతమేనా అని. ఇద్దరు సాక్షులు నా వెనక నిలబడి ఉన్నారు.

"రిజిస్ట్రీ అయిందా?" అని అడిగింది.

"అయింది."

"నువ్వు సూసినవా?"

"సూసిన."

"ఒప్పుకుంటాన," అంది.

ఆమె వెళ్లాక రెండు నెలలకు నర్సంపేట వెళ్లాను. వానాకాలం. ముల్గీలో జాకెట్టు ముక్కలు, లంగాలు, చీరల ఫాల్సు రంగుల వారీగా పేర్చి ఉన్నాయి. జంపఖానా ఒక్కటి కూడా లేదు. అడిగితే, మడతలు పెట్టీ పెట్టీ భుజాలు పోయినయ్ అంది. పక్కన టెంట్ హౌస్ ముందు నీలం షామియానా కింద ఎర్ర కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. షామియానా నడుమ నీళ్లు నిండి పొట్టలా వేలాడుతోంది. ఆయన వెదురు కర్రతో దాన్ని కింది నుంచి పొడుస్తున్నాడు. పొడిచినప్పుడల్లా నీళ్లు ఆయన మీదే పడుతున్నాయి.

"నీ ముల్గీ నా పాణం తీస్తాంది," అన్నాడు అక్కడినుంచే.

"పొడుసుడు రాదు మీకు. కొసకెళ్లి ఎత్తుర్రి," అంది అమ్మ లోపలి నుంచే.

నాకో కుర్చీ ఇచ్చింది. తడిసి ఉంది. తుడుచుకుని కూర్చున్నాను. వరంగల్ సంగతులు రెండు చెప్పానో లేదో, తలమీద ప్లాస్టిక్ సంచి కప్పుకుని ఒకామె పరుగున వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో చీర ఉంది, దానికి సరిపోయే ఫాల్ కావాలి.

అమ్మ నావైపు చూసింది. "లే. ఆమెకు కుర్చియ్యి."

లేచాను. లోపల ఇంకొక మనిషి నిలబడే చోటు లేదు. వాన తగ్గేదాకా షామియానా కింద ఆయన పక్కన నిలబడి, రెండో కర్ర పట్టుకున్నాను.